ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఆటే శిక్షణ

(బెంగళూరులో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం.

ఆదివారం ఉదయం పనులన్నీ పక్కన పెట్టి వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, సర్జాపుర రోడ్డు వైపు నుంచి పిల్లలతోనూ ఇంట్లోని పెద్దవాళ్లతోనూ కలిసి వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ నగరంలో చిన్న పిల్లలకు వ్యాయామం నేర్పడం నా వృత్తి. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు వయసున్న పిల్లలతోనే నా రోజు ఎక్కువగా గడుస్తుంది కనుక ఆ వయసు గురించే మాట్లాడతాను. పిల్లవాడిని ఏ ఆటలో చేర్పించాలని తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. క్రికెట్ మంచిదా, బ్యాడ్మింటన్ మంచిదా, స్కేటింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఇప్పుడే చేర్పించకపోతే వెనకబడిపోతాడేమో అని వాళ్ల బెంగ. ఆ బెంగ ప్రేమలోంచి పుట్టినదే, దానిని నేను తేలికగా తీసుకోను. అయినా నా సమాధానం దాచుకోకుండా చెబుతాను. ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఏదో ఒక ఆటను ఎంచుకొని అందులోనే శిక్షణ ఇప్పించనక్కరలేదు, ఆ వయసులో ఆడుకోవడమే శిక్షణ. అయితే వీధిలోకి వదిలేస్తే ఆట దానంతట అదే సాగే రోజులు ఈ నగరంలో లేవు కాబట్టి, ఆ ఆటకు చోటు, సమయం, తగిన వస్తువులు, తగిన నియమాలు సమకూర్చవలసిన బాధ్యత పెద్దవాళ్లమైన మన మీద పడింది. ఆ పని ఎలా చేయాలో చెప్పడానికే వచ్చాను.

ముందుగా పిల్లలకు ఎంత కదలిక అవసరమో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లల కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేసింది. ఏడాది నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రూపంలో కదులుతూ ఉండాలని, మూడు, నాలుగేళ్ల వాళ్లయితే అందులో కనీసం 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేంత చురుకుగా ఆడాలని అవి చెబుతున్నాయి. ఐదేళ్ల నుంచి 17 ఏళ్ల వరకు ఉన్నవారికి సగటున రోజుకు 60 నిమిషాల చురుకైన శ్రమ ఉండాలని ఆ సంస్థే 2020లో చెప్పింది. మూడు గంటలు అనగానే చాలామంది అంత సమయం ఎక్కడిదని అడుగుతారు. అది ఒక్క దఫాలో గడవవలసిన మూడు గంటలు కాదు. మెట్లెక్కడం, ఇల్లంతా తిరగడం, అమ్మతో కూరగాయల సంచి మోయడం, పార్కులో పరుగెత్తడం అన్నీ అందులో కలుస్తాయి. అంతకన్నా నన్ను ఆలోచింపజేసేది ఆ 2019 మార్గదర్శకాల్లోని ఇంకొక సూచన. ఐదేళ్ల లోపు పిల్లలను తోపుడు బండిలోగానీ కుర్చీలోగానీ బెల్టు పెట్టి ఒకేసారి గంటకు మించి కూర్చోబెట్టకూడదని అందులో ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉదయం, మధ్యాహ్నం బడి బస్సులో కూర్చునే పిల్లవాడి సంగతి మీకే తెలుసు. అలా కూర్చొని ఇంటికి వచ్చిన పిల్లవాడిని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టి పలక చేతికివ్వకుండా, బస్సు దిగిన చోటి నుంచి ఇంటి గుమ్మం దాకా ఒక పావుగంట పరుగెత్తనివ్వడం ఖర్చులేని పని. బస్సు దగ్గరకు వెళ్లి తీసుకువచ్చేది తాతయ్యో నానమ్మో అయితే ఆ పావుగంట వాళ్ల చేతుల్లోనే ఉంది.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు ఫోను, టీవీ చూసే సమయం రోజుకు గంట మించకూడదని, మూడు, నాలుగేళ్ల పిల్లలకు 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలని కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. కదలిక, తెర చూసే సమయం, నిద్ర, ఈ మూడింటినీ కలిపి చూడాలి, ఎందుకంటే పగలు బాగా ఆడిన పిల్లవాడు రాత్రి త్వరగా పడుకుంటాడు, త్వరగా పడుకున్నవాడికి ఉదయం ఆడుకునే సమయం దొరుకుతుంది. ఇంకొక విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆరుబయట పగటి వెలుతురులో గడిపే సమయం పెరిగితే పిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించే లోపం, మొదలయ్యే అవకాశం తగ్గుతుందని చైనా, తైవాన్ బడుల్లో జరిగిన పరిశోధనలు చూపించాయి. ఇంటి లోపల ఆడే ఆట కండరాలకు మేలు చేస్తుంది గానీ కంటికి ఆ వెలుతురును ఇవ్వలేదు. అందుకని రోజులో కొంత ఆటైనా ఆకాశం కింద సాగాలి.

ఇక పిల్లల శరీరం ఈ వయసులో ఏమి నేర్చుకుంటుందో చూద్దాం. పరుగెత్తడం, గెంతడం, ఒంటికాలి మీద నిలబడడం, దొర్లడం, వేలాడడం, విసరడం, పట్టుకోవడం, తన్నడం, కర్రతో కొట్టడం అనేవి అన్ని క్రీడలకూ మూలమైన కదలికలు. పెద్దయ్యాక బ్యాడ్మింటన్ ఆడేవాడికీ, కబడ్డీ ఆడేవాడికీ, ఏ క్రీడా ఆడకుండా కేవలం కొండలెక్కడం ఇష్టపడేవాడికీ ఇవే పునాది. ఇవి వయసు పెరిగితే వాటంతట అవే వచ్చేస్తాయని మనం అనుకుంటాం. నడక, పరుగు అలాగే వస్తాయి గానీ, విసరడం, పట్టుకోవడం లాంటివి అవకాశం దొరికి, పలుమార్లు చేస్తేనే వస్తాయి. ఇరవై ఐదేళ్లు వచ్చినా బంతిని సరిగా విసరలేని మనుషులు మనలో ఎంతమంది ఉన్నారో చూసుకుంటే ఈ మాట నిజమని తెలుస్తుంది.

బంతిని పట్టుకోవడాన్నే ఉదాహరణగా తీసుకుందాం. నాలుగేళ్ల పాపకు మీరు టెన్నిస్ బంతి విసిరితే ఆమె తల పక్కకు తిప్పి, కళ్లు మూసుకొని, రెండు చేతులూ చాచి నిలబడుతుంది. బంతి ఛాతీకి తగిలి కింద పడుతుంది. ఆమెకు చేతకాదని మనం అనుకుంటాం, అంతకన్నా ముఖ్యంగా ఆమె కూడా అలాగే అనుకోవడం మొదలుపెడుతుంది. నిజానికి వేగంగా ముఖం మీదికి వచ్చే వస్తువు నుంచి తల తిప్పుకోవడం శరీరం చేసే న్యాయమైన పని. అంత చిన్న వస్తువు ఎంత వేగంగా, ఏ ఎత్తులో, ఎప్పుడు తన దగ్గరకు చేరుతుందో అంచనా వేసే శక్తి ఆ వయసులో ఇంకా తయారవుతూ ఉంటుంది. మూడు, నాలుగేళ్లప్పుడు పిల్లలు పెద్ద బంతిని చేతులతో చుట్టి ఛాతీకి హత్తుకొని పట్టుకుంటారు. కేవలం అరచేతులతో పట్టుకోవడం ఐదారేళ్ల తరువాతే కుదురుగా వస్తుంది. కనుక బంతినే మార్చాలి. మొదట బెలూన్ ఎగరేయండి. అది మెల్లగా దిగుతుంది, దిగేలోగా పాపకు చూడడానికి, కదలడానికి, చేతులు పెట్టడానికి సమయం దొరుకుతుంది. తరువాత తేలికపాటి పెద్ద ప్లాస్టిక్ బంతిని నేల మీద దొర్లించి అందుకోమనండి. ఆ తరువాత ఒకసారి నేలకు తట్టి లేచిన బంతిని పట్టుకోమనండి. గాల్లో నేరుగా వచ్చే బంతి ఇవన్నీ అయ్యాకే. ఈ క్రమంలో వెళ్లిన పిల్లలు కళ్లు మూసుకోరు, బంతి అంటే భయం వాళ్లలో పాతుకోదు.

విసరడం నేర్పేటప్పుడు కూడా పెద్దవాళ్లు చేసే ఒక తొందరపాటు ఉంది. మొదటి రోజు నుంచే గురి చూసి కొట్టమంటారు. గురి మీద దృష్టి పెట్టిన చిన్నపిల్లవాడు ఒళ్లంతా బిగించుకొని, మోచేతిని మాత్రం కదిలించి బంతిని తోస్తాడు. దానికి బదులు పెద్ద గోడ చూపించి, ఎంత గట్టిగా కొట్టగలవో కొట్టు అంటే, వాడి నడుము తిరుగుతుంది, ఎదురు కాలు ముందుకు పడుతుంది, భుజం వెనక్కు వెళ్లి ముందుకు వస్తుంది. ఎడమ కాలు ముందు పెట్టు, మోచేయి పైకెత్తు అని మాటలతో చెప్పినప్పుడు రానిది, గోడను గట్టిగా కొట్టమన్నప్పుడు వస్తుంది. గురి తరువాత నేర్పవచ్చు.

వస్తువుల కొలత విషయంలో పెద్ద పెద్ద క్రీడా సంస్థలే ఈ మార్గానికి వచ్చాయి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి పదేళ్లు, ఆ లోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతిని వాడనివ్వడం లేదు. ఎర్ర బంతి మామూలు బంతి కన్నా దాదాపు 75 శాతం నెమ్మది, నారింజ రంగు బంతి 50 శాతం, ఆకుపచ్చ బంతి 25 శాతం నెమ్మది. కోర్టు కూడా చిన్నదే. పిల్లల కోసం మలచిన మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు ఎత్తు 3.05 మీటర్ల బదులు 2.60 మీటర్లు ఉంటుంది. ఈ మార్పులు లేకుండా పిల్లలను పెద్దల కోర్టులో దించడమంటే తండ్రి చొక్కా కొడుక్కి తొడిగి నడవమనడమే. మీ అపార్ట్‌మెంటులో బాస్కెట్‌బాల్ రింగు ఒక్కటే ఉండి, అది పది అడుగుల ఎత్తులో ఉంటే, చిన్నపిల్లల కోసం పక్క గోడకు తక్కువ ఎత్తులో ఒక బుట్ట కట్టించమని సంఘాన్ని అడగండి. ఆరేళ్ల పిల్లలు అందని రింగుకు బంతిని విసరడానికి నడుం వెనక్కు విరిచి, రెండు చేతులతో తొడల మధ్య నుంచి ఎగరేయడం చూస్తూ ఉంటాను. ఆ అలవాటు మాన్పించడానికి తరువాత చాలా కాలం పడుతుంది.

ఇప్పుడు నేను అన్నింటికన్నా ముఖ్యమని భావించే విషయానికి వస్తాను. ఆట నియమాలను పిల్లలకు తగినట్లు మలచడం గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

పుట్టినరోజు వేడుకల్లో మనం కుర్చీలాట ఆడిస్తాం. అందులో మొదట బయటికి వెళ్లేది ఎవరు? అందరికన్నా నెమ్మదిగా కదిలే పిల్లవాడు. ఎవరికి పరుగు ఎక్కువ అవసరమో వాడే మిగిలిన ఆటంతా గోడ పక్కన కూర్చొని చూస్తాడు, ఎవరికి బాగా వచ్చో వాళ్లు చివరిదాకా ఆడతారు. ఓడినవాడిని బయటికి పంపే ప్రతి ఆటలోనూ ఈ లోపం ఉంది. నేను దానిని ఇలా మారుస్తాను. సంగీతం ఆగినప్పుడల్లా ఒక కుర్చీ తీసేస్తాను గానీ పిల్లలను ఎవరినీ తీసేయను. ఉన్న కుర్చీల్లోనే అందరూ ఎలాగో ఒకలాగ సర్దుకొని కూర్చోవాలి. చివరికి రెండు కుర్చీల మీద ఎనిమిది మంది ఒకరినొకరు పట్టుకొని నిలబడే ప్రయత్నం చేస్తారు. అందరూ చివరిదాకా కదిలారు, అందరూ ఒకరి బరువును ఒకరు ఆపడం నేర్చుకున్నారు.

ముట్టుకునే ఆటలోనూ అంతే. దొంగ ముట్టుకుంటే అవుట్ అనే బదులు, దొంగ చేతికి చిక్కినవాడు చేతులు చాచి స్తంభంలా నిలబడాలి, స్నేహితుడు వచ్చి వాడి చేతి కింద నుంచి దూరి వెళితే మళ్లీ ప్రాణం వస్తుంది అని చెప్పండి. అప్పుడు ఎవరూ ఆటలోంచి పోరు, పైగా పిల్లలు తమను తాము కాపాడుకోవడంతో పాటు మరొకరిని విడిపించడానికి వంగడం, దూరడం, దిశ మార్చడం నేర్చుకుంటారు.

మన ఊళ్లలో దీనికి ఒక మంచి పద్ధతి ఉండేది. పెద్ద పిల్లలు ఆడుతున్నప్పుడు వెంటపడి వచ్చే చిన్న తమ్ముడినో చెల్లెలినో "ఆటలో అరటిపండు" అని చేర్చుకునేవాళ్లు. ఆ బిడ్డ అందరితో పాటు పరుగెత్తుతుంది, దాక్కుంటుంది, అరుస్తుంది, కానీ ఎవరు ముట్టుకున్నా అవుట్ కాదు. ఆమె ఆట నేర్చుకునేదాకా ఎవరూ ఆమెను లెక్కలోకి తీసుకోరు, అలాగని బయటికీ నెట్టరు. వేర్వేరు వయసుల పిల్లలు కలిసి ఆడే చోట ఇంతకన్నా మంచి ఏర్పాటును నేను చూడలేదు. ఈనాటి అకాడమీలో నాలుగేళ్ల వాళ్లనందరినీ ఒక గుంపుగా, ఆరేళ్ల వాళ్లనందరినీ మరొక గుంపుగా విడదీస్తున్నారు. చిన్నవాళ్లు పెద్దవాళ్లను చూసి నేర్చుకునే దారి దానితో మూసుకుపోతోంది. మీ బ్లాకులోని పదేళ్ల పిల్లలకు ఈ అరటిపండు పద్ధతిని చెప్పండి. వాళ్లు ఎంత బాధ్యతగా చిన్నవాళ్లను చూసుకుంటారో చూసి మీరు సంతోషిస్తారు.

వరసలో నిలబెట్టడం మరొక లోపం. ఇరవై మంది పిల్లలు, ఒక బంతి, ఒక శిక్షకుడు. గంటసేపు తరగతి జరిగినా ఒక్కొక్కరికి బంతి తగిలేది కొద్దిసార్లే, మిగతా సమయమంతా నిలబడడమే. మీరు ఎక్కడైనా డబ్బు కట్టి చేర్పించే ముందు ఒక రోజు వెళ్లి కూర్చొని, మీ పిల్లవాడిని కాకుండా వరసలో చివరన ఉన్న పిల్లవాడిని మాత్రమే పది నిమిషాలు గమనించండి. వాడు ఎంతసేపు కదిలాడో చూస్తే ఆ చోటు మంచిదో కాదో తెలిసిపోతుంది. ముగ్గురు నలుగురికి ఒక బంతి ఇచ్చి చిన్న చిన్న గుంపులుగా ఆడించే చోటు మైదానం చిన్నదైనా మేలు.

మన సంప్రదాయ ఆటల్లో ఈ మూల కదలికలన్నీ ఉన్నాయి. వాటిని గతం మీది మమకారంతో నేను పొగడడం లేదు, వాటి పనితనాన్ని చూసి చెబుతున్నాను. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి గెంతు, పడకుండా నిలదొక్కుకునే తూకం, గురి ఉన్నాయి. అయితే నాలుగేళ్ల పాప వరసగా ఎనిమిది గళ్లు ఒంటికాలితో దాటలేదు. ఆమెకు గళ్లు పెద్దవిగా, నాలుగే గీసి, రెండు కాళ్లతో దూకమనండి. ఒంటికాలి మీద కాసేపు నిలబడగలిగాక ఒక గడిని మాత్రం ఒంటికాలితో అనండి. నేలా బండా ఆటకు ఒక అరుగో రెండు మెట్లో చాలు. దొంగ నేల కోరుకుంటే మిగిలినవాళ్లు బండ మీద నుంచి దిగి, వాడిని ఊరించి, పట్టుకునేలోగా మళ్లీ ఎక్కాలి. పైనుంచి దూకి మోకాళ్లు వంచి నిలదొక్కుకోవడం ఇంత బాగా నేర్పే ఆట మరొకటి లేదు. అలా ఎత్తు నుంచి దూకినప్పుడు కాళ్ల మీద పడే భారం ఎముకలు గట్టిపడడానికి కూడా పనికొస్తుంది.

ఏడు పెంకులాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడి కన్నడ పిల్లలు దానినే లగోరి అంటారు, అందువల్ల మీ పిల్లలకు పక్కింటి పిల్లలతో కలవడానికి అది సులువైన ఆట. గురి చూసి కొట్టడం, చెల్లాచెదురుగా పారిపోవడం, బంతిని తప్పించుకోవడం, తొందరలోనూ చేతులు వణకకుండా పెంకులు పేర్చడం అన్నీ అందులో ఉన్నాయి. ఐదేళ్ల పిల్లలకైతే పెంకుల బదులు మూడు ప్లాస్టిక్ గిన్నెలు బోర్లించి, గుడ్డతో చేసిన మెత్తటి బంతి ఇచ్చి, దగ్గర నుంచి కొట్టమనండి. బంతిని నడుము కిందనే వేయాలని నియమం పెట్టండి. వాళ్లు తేలికగా పడగొడుతున్నారని అనిపించిన రోజున ఒక గిన్నె పెంచండి, ఒక అడుగు వెనక్కు జరపండి. కబడ్డీకి తొలి మెట్టుగా నేను ఆడించే ఆట ఇంకా సులువైనది. ప్రతి పిల్లవాడూ నడుము దగ్గర జేబురుమాలును తోకలా దోపుకోవాలి, తన తోకను కాపాడుకుంటూ ఇతరుల తోకలు లాగాలి. తోక పోయినవాడు వెంటనే గట్టు మీద ఉన్న మరొక రుమాలు తీసుకొని మళ్లీ ఆటలోకి రావాలి. ఎవరూ ఎవరినీ కింద పడేయనక్కరలేదు, కానీ కబడ్డీలో కావలసిన ఒడుపంతా దానిలో వస్తుంది.

ఆటను పిల్లలే మార్చుకోనివ్వడం కూడా అవసరం. కాసేపయ్యాక వాళ్లు కొత్త నియమాలు కల్పిస్తారు, వాటి మీద గొడవపడతారు. ఆ గొడవ విని మనం పరుగెత్తుకు వెళ్లి తీర్పు చెప్పకూడదు. ఎవరికీ దెబ్బ తగలనంతవరకు వాళ్లను తేల్చుకోనివ్వాలి, ఎందుకంటే తామే ఒప్పుకున్న నియమానికి తాము కట్టుబడడం అక్కడే నేర్చుకుంటారు.

ఇక ఒకే క్రీడలో ముందుగా చేర్పించడం గురించి. పెరిగే వయసులో ఎముకల కొసల దగ్గర మెత్తటి మృదులాస్థి ఉంటుంది, ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఒకే కదలికను రోజూ వందలసార్లు చేస్తే ఆ భాగం మీద ఒత్తిడి పడి మడమలో, మోకాలి కింద, మోచేతిలో, భుజంలో నొప్పులు వస్తాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన సూచన ప్రకారం, చాలా క్రీడల్లో ఒకే ఆటకు పరిమితం కావడాన్ని 15, 16 ఏళ్ల దాకా వాయిదా వేయడం మంచిది. ఏదైనా ఒక ఆటలో శిక్షణ తీసుకునే పిల్లలకు వారానికి ఒకటి రెండు రోజుల విరామం, ఏడాదిలో అంతా కలిపి మూడు నెలల విరామం ఉండాలి.

నార్వే సంగతి మీకు చెప్పాలి. ఆ దేశం 1987లోనే పిల్లల క్రీడలకు నియమాలు చేసుకొని, 2007లో వాటిని సవరించింది. పదకొండో ఏడు రాకముందు పిల్లల పోటీల్లో ర్యాంకులు, పాయింట్ల పట్టికలు ప్రకటించరు. పదమూడో ఏటికి ముందు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు లేవు. మన బెంగళూరు జనాభాలో సగం కూడా లేని ఆ దేశం 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలు గెలిచింది. అప్పటిదాకా ఏ దేశమూ ఒక శీతాకాల ఒలింపిక్స్‌లో అన్ని స్వర్ణాలు గెలవలేదు. అక్కడ మంచు ఉంది, డబ్బు ఉంది, ఆ విజయాలకు కారణాలు అనేకం. అయినా చిన్నప్పుడు ర్యాంకులు లేకపోతే పెద్దయ్యాక పోటీతత్వం రాదన్న భయానికి ఆధారం లేదని మాత్రం ఆ దేశాన్ని చూసి చెప్పవచ్చు.

మనవాళ్లనే చూడండి. పుల్లెల గోపీచంద్‌కు చిన్నప్పుడు క్రికెట్ మీద ఇష్టం, అన్నగారి ప్రోత్సాహంతో బ్యాడ్మింటన్‌లోకి వచ్చారు. తరువాత ఈ బెంగళూరులోనే ప్రకాశ్ పదుకొణె అకాడమీలో శిక్షణ పొంది 2001లో ప్రసిద్ధ బ్యాడ్మింటన్ పోటీ ఆల్ ఇంగ్లండ్‌లో విజేత అయ్యారు. పి.వి. సింధు తల్లిదండ్రులు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యులు. ఆమె ఎనిమిదేళ్ల వయసులో బ్యాడ్మింటన్ మొదలుపెట్టారు, ఇంట్లో వాలీబాల్ ఉంది కదా అని ఆమెను వాలీబాల్‌కే కట్టేయలేదు. ప్రకాశ్ పదుకొణె విషయం ఈ నగరానికి సంబంధించినది. ఆయన చిన్నప్పుడు ఇంటి దగ్గరి కల్యాణ మండపమే ఆయన కోర్టు. బడి నుంచి వచ్చి ఆ రోజు మండపంలో పెళ్లి ఏదీ లేదని తెలిస్తే అక్కడికి పరుగెత్తేవారు. 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మనిషి ఆట అలాంటి చోట మొదలైంది.

ఆ మాటతో చోటు గురించి చెబుతాను. మన అపార్ట్‌మెంట్లలో, పార్కుల్లో బంతి ఆటలు ఆడకూడదన్న బోర్డులు మీరందరూ చూసే ఉంటారు. నడిచే పెద్దవాళ్లకు తగులుతుందన్న ఆందోళన న్యాయమైనదే. అందుకని బోర్డు తీసేయమని పోట్లాడే కన్నా, సాయంత్రం ఒక గంట ఒక మూల పిల్లలకు కేటాయించమని, ఆ గంటలో మెత్తటి బంతి మాత్రమే వాడతామని సంఘానికి రాసివ్వండి. చాలా చోట్ల ఒప్పుకుంటారు. కార్లు తిరిగే బేస్‌మెంటులో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆడనివ్వకండి. సెలవు రోజుల్లో కబ్బన్ పార్కు, అందులోని బాలభవన్ ఉన్నాయి. లాల్‌బాగ్‌లో సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి రాతిగుట్ట ఉంది, ఆ వాలు మీద ఎక్కి దిగడం పిల్లల చీలమండలకు, తూకానికి చదునైన నేల ఇవ్వలేని సాధన ఇస్తుంది. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఈ ఊళ్లో ఏడాదిలో ఎక్కువ రోజులు బయట ఆడుకునే వాతావరణం ఉంటుంది. వేసవి సెలవులకు అనంతపురమో, నెల్లూరో, విజయవాడో వెళ్లినప్పుడు మాత్రం పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో వదలకండి. పిల్లల ఒళ్లు పెద్దల కన్నా త్వరగా వేడెక్కుతుంది.

బడిని కూడా అడగండి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా విడదీసి, ఆ దశలో చదువు ఆట ద్వారానే సాగాలని చెప్పింది. రాత పూర్తి చేయలేదని ఆటల పీరియడ్ కోసేసే బడి ఆ విధానానికి విరుద్ధంగా నడుస్తోంది. మీ పిల్లవాడికి వారంలో ఎన్ని పీరియడ్లు ఆటకు దక్కాయో తల్లిదండ్రుల సమావేశంలో మర్యాదగా, కానీ ప్రతిసారీ అడగండి.

ఆడపిల్లల విషయంలో ఒక్క మాట. ఐదేళ్ల వరకు అన్నతో సమానంగా ఎగిరిన పిల్ల ఏడేళ్లకు బెంచీ మీద కూర్చొని చూస్తుంటే అది ఆమె స్వభావం అనుకోకండి. పరుగెత్తడానికి వీల్లేని గౌను, జారిపోయే చెప్పులు, నల్లబడతావన్న మాట, ఆడపిల్లవి కాస్త నెమ్మదిగా ఉండు అన్న మాట, ఇవన్నీ కలిసి ఆమెను కూర్చోబెడతాయి. ఆ మాటలు అనేది తరచుగా ఇంట్లోని మనమే. చూపు తక్కువైన పిల్లలకు గలగలమనే బంతి, వినికిడి తక్కువైన పిల్లలకు ఈల బదులు రంగు జెండా ఇస్తే వాళ్లూ అదే ఆటలో ఉంటారు. వాళ్ల కోసం వేరే తరగతి కోరే ముందు ఇది ప్రయత్నించండి.

మీలో కొందరు చీటీల మీద ప్రశ్నలు రాసి పంపారు. సమయం ఉన్నంతవరకు సమాధానం చెబుతాను.

ఒక అమ్మమ్మగారు అడిగారు: "ఎక్కితే పడతాడు, పరుగెత్తితే పడతాడు, మాకు అప్పజెప్పి అమ్మాయి ఆఫీసుకు వెళితే దెబ్బలు తగలకుండా చూడవద్దా?" చూడాలమ్మా, మీ భయం నాకు అర్థమవుతుంది. తల పగిలే ప్రమాదం వేరు, మోకాలు గీసుకుపోయే దెబ్బ వేరు. రోడ్డు, నీళ్లు, ఎత్తైన గోడ, కార్లు, వీధికుక్కలు ఇవి మొదటి రకం, వాటి దగ్గర మీరు ఎంత గట్టిగా ఆపినా తప్పులేదు. మట్టిలో పడడం రెండో రకం. మనవడు జారుడుబల్ల ఎక్కుతుంటే చేతులు పట్టుకొని పైకి లాగకండి, దగ్గరగా నిలబడండి. తానుగా ఎక్కగలిగిన ఎత్తు నుంచి సాధారణంగా తానే దిగగలడు, మీరు ఎక్కించిన ఎత్తు నుంచి దిగలేడు. "జాగ్రత్త, జాగ్రత్త" అనే బదులు "ఆ కాలు ఎక్కడ పెడతావు?" అని అడగండి, వాడు ఆలోచించి పెడతాడు.

ఈత ఎప్పుడు నేర్పాలని ఇంకొకరు అడిగారు. నేను ఇంతసేపు చెప్పినదానికి ఈత ఒక మినహాయింపు, ఎందుకంటే అది ప్రాణరక్షణ విద్య. నాలుగేళ్ల ప్రాంతంలో చాలామంది పిల్లలు తరగతికి సిద్ధంగా ఉంటారు. అక్కడ కూడా మొదటి వారాలు నీళ్లలో బుడగలు ఊదడం, వెల్లకిలా తేలడం, గట్టు పట్టుకొని కాళ్లు ఆడించడం లాంటి ఆటలతోనే సాగాలి. ఏడుస్తున్న పిల్లను లోతు నీళ్లలోకి నెట్టే శిక్షకుడి దగ్గర నుంచి ఆ రోజే తీసుకు వచ్చేయండి. ఈత వచ్చిన పిల్లలైనా సరే, నీళ్ల దగ్గర చేయి చాపితే అందేంత దూరంలో పెద్దవాళ్లు ఉండాలి.

చివరి చీటీలో ఒక తండ్రిగారు రాశారు: "నేను ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది అవుతుంది, కింది ఫ్లాటువాళ్లు చప్పుడు చేయవద్దంటారు, అప్పుడేమి ఆడించాలి?" ఎనిమిది తరువాత పిల్లలకు కావలసింది నిద్ర కాబట్టి, రాత్రి పది నిమిషాలు చాలు, అది కూడా మెత్తటి ఆటలు. గచ్చు మీద కాగితపు టేపుతో ఒక వంకర గీత అతికించి దాని మీద కాలి వేళ్లతో నడవమనండి. జత మేజోళ్లను ఉండ చుట్టి బకెట్టులో వేయించండి. ఎలుగుబంటిలా నాలుగు కాళ్లతో, పీతలా వెనక్కి, పాములా పొట్ట మీద గది దాటమనండి, మీరూ పక్కనే పాకండి. వీటిలో ఏదీ కింది ఇంటివాళ్లకు వినబడదు. ఉదయం బడి బస్సు రాకముందు ఇరవై నిమిషాలు ముందుగా కిందికి దిగగలిగితే, బస్సు వచ్చేదాకా ఒక బంతిని మీరిద్దరూ అటూ ఇటూ దొర్లించుకోండి. శనివారం, ఆదివారం సాయంత్రాలు మీ బ్లాకులోని మరో ఇద్దరు తల్లిదండ్రులతో మాట్లాడుకొని, వంతులవారీగా ఒకరు పిల్లలందరినీ చూసుకోండి. ఆడించే వంతు మీదైన రోజున మూడు గిన్నెలు, ఒక గుడ్డ బంతి, నాలుగు జేబురుమాళ్లు సంచిలో పెట్టుకొని వెళితే సరిపోతుంది, మిగిలినది పిల్లలే చూసుకుంటారు.

నమస్కారం.